కలంకారీ బట్ట కాలువలో జాడించడం ఆపాలా?

చివరాయకట్టు: మాది కృష్ణా జిల్లాలో కలంకారీ అద్దే పెడనకు దిగువన. మా మంచినీళ్ల చెరువు నిండేది కాలువతోనే. కాలువలు కట్టేసే ముందు నింపుకున్న నీళ్లే వేసవంతా తాగాలి. పోయినేడు సరిగ్గా నింపుకునే వారంలో ఎర్రనీళ్లొచ్చాయి. కలంకారీ మీద నాకు కోపం లేదు, మా ఇంట్లో దుప్పట్లూ అవే. కాలువలో జాడించడం మాత్రం ఆపాలి.

అచ్చుబల్ల: ఆపమనడం తేలికే. పని తెలిసి మాట్లాడండి. కరక్కాయ పట్టిన బట్ట మీద ఎరుపు పట్టించే పటిక, నలుపునిచ్చే కసిం అచ్చు వేశాక, మిగులు పటిక పోయేలా పారే నీళ్లలోనే జాడించాలి. తొట్టిలో నిలవనీళ్లయితే పటిక పక్కకంటుకుని, ఎర్ర రంగులో ఉడకేసినప్పుడు తెల్లగా ఉండాల్సిన చోటా ఎర్రబడుతుంది. ఆ తాను ఎవడూ కొనడు. కసిం అంటే తుప్పు ఇనుము, బెల్లం. దాంతో ఎవడు చచ్చాడు?

చిరివేరు: కసిం సరే, ఎరుపు మాటేంటి? ఒకప్పుడు చిరివేరు అనే మొక్క వేళ్ల నుంచి తీసేవారు. ఇప్పుడు వాడేది అలిజరిన్. 1868లో జర్మనీ వాళ్లు బొగ్గు తారు సరుకు నుంచి చేసింది. దానికి ‘సహజ రంగులు’ అని చీటీ అంటించడం మోసం.

అచ్చుబల్ల: వేరులో ఉన్న రంగూ అదే కదా సార్.

చిరివేరు: వేరులో ఉండటం వేరు, డబ్బాలో రావడం వేరు.

బందరు_లడ్డు: అడిగింది తాగునీళ్ల గురించి బాబూ 🙏

స్క్రీన్_షెడ్డు: అందరూ కలంకారీ అంటున్నారు గానీ ఊళ్లో సగం సరుకు స్క్రీన్ ప్రింటే. మేం వాడే రంగుల్లో బట్టకు పట్టనిది నీళ్లలోకి పోతుంది, ఉప్పు కూడా. ఒప్పుకుంటాను. మామూలు శుద్ధితో రంగు తగ్గుతుంది, ఉప్పు పోదు. తమిళనాడు తిరుప్పూరులో అద్దకం నీళ్లతో నొయ్యల్ నదికి పట్టిన గతి చూశాంగా, 2011లో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూయించింది. అక్కడివి పెద్ద ఎగుమతి కంపెనీలు. రెండు బల్లలున్న నేను శుద్ధి ప్లాంటు ఎక్కణ్ణుంచి తేను?

చివరాయకట్టు: తేలేకపోతే మేం తాగాలా?

అచ్చుబల్ల: మీ చేలో కొట్టే మందులు ఎక్కడికి పోతున్నాయి మరి?

చివరాయకట్టు: చేల నీళ్లు డ్రైన్లోకి పోతాయి, పంట కాలువలోకి కాదు. డెల్టాలో పుట్టి ఆ తేడా తెలియదా?

అచ్చుబల్ల: చేపల చెరువులోళ్లు రాత్రిపూట ఇంజన్లు పెట్టి ఎటు తోడుతున్నారో కూడా తెలుసు. వాళ్లనడగరు, వాళ్లకు కార్లున్నాయి. ముప్పై ఏళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి మా నాన్న కాళ్లు పాచిపోయాయి. ఆ నీళ్లు ముందు తగిలింది మాకు, తర్వాతే మీకు. మేం కూలోళ్లం. బోరు వేసి, నీళ్లు పారే గట్టు తొట్టి కట్టమని మా ఓనర్ని రెండేళ్లుగా అడుగుతున్నాం. హైదరాబాద్ షాపువాడు మీటరుకు రూపాయి పెంచడు, నేనెక్కడ కట్టేది అంటాడు.

చివరాయకట్టు: ఇది ముందే చెప్పొచ్చుగా తమ్ముడూ. నిజానికి మొదట శాశ్వతంగా ఆపమని నేను అడగలేదు. చెరువు నింపే నాలుగు రోజులు ఆపమని మా ఊరి పెద్దల్ని తీసుకుని మీ షెడ్ల దగ్గరకొచ్చాను. ‘కాలువ నీ తాతదా’ అన్నారు. ఆఫీసుకెళితే ఇది మా పరిధి కాదన్నారు. అందుకే ఇక్కడ రాసింది.

అచ్చుబల్ల: ఆ మాట అన్నదెవరు?

చివరాయకట్టు: పచ్చ గేటు షెడ్డు.

అచ్చుబల్ల: అది మా ఓనరే. నాలుగు రోజులు ఆపితే మాకు నాలుగు కూళ్లు పోతాయి, ఆయనకేం పోదు. మరి ఆ కూళ్లు ఎవరిస్తారు, మీ పంచాయతీనా?

స్క్రీన్_షెడ్డు: ఆ నాలుగు రోజులూ అచ్చు పని పెట్టుకుని, ఉతుకుడు తర్వాత పెట్టుకోవచ్చు. కాలువ కట్టేసే తేదీ ముందే తెలుస్తుందిగా.

అచ్చుబల్ల: అచ్చేసేవాడు వేరు, ఉతికేవాడు వేరు. ఉతికేవాడికి అచ్చు పని ఎవడిస్తాడు?

చివరాయకట్టు: కూలి సంగతి మా వాళ్లని అడుగుతాను. మాట మాత్రం ఇవ్వలేను.

చిరివేరు: అలిజరిన్ సంగతి ఎవరూ తేల్చలేదు.