రాష్ట్రపతీ సంతకమే, రాజూ సంతకమే.. ఇంక తేడా ఏటండీ?

పర్లాకిమిడి కుర్రాడు:
మన రాష్ట్రపతి కేబినెట్ చెప్పినట్టు సంతకం పెట్టాలి, బ్రిటన్ రాజూ అంతే, 1708 తర్వాత అక్కడ ఒక్క బిల్లుకి కూడా రాజుగానీ రాణిగానీ కాదనలేదు. పని ఒకటే అయినప్పుడు రిపబ్లిక్ గొప్పని ఎందుకంటాం? పైగా రాజు ఏ పార్టీ మనిషీ కాడు, మన దగ్గర పార్టీల మద్దతు లేకుండా ఎవరూ రాష్ట్రపతి అవ్వలేరు. నార్వే, డెన్మార్క్, జపాన్ హాయిగా నడుస్తన్నాయి కదా. నా ఓటు రాజ్యాంగానికి లోబడిన రాజుకే.

బరంపురం మాస్టారు:
తమ్ముడూ, సంతకం దాకా నువ్వన్నది కరెక్టే, కానీ ఆ పెన్ను చేతికి ఎలా వచ్చిందో అది వదిలీసావు. వి.వి.గిరి గారు మా బరంపురంలో పుట్టిన తెలుగాయన, 1969లో ఉపరాష్ట్రపతి పదవి వదిలీసి ఇండిపెండెంటుగా నిలబడి, రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కెడితే గాని తేలని పోటీలో కాంగ్రెస్ అధికార అభ్యర్థి సంజీవరెడ్డి గారి మీద గెలిచారు. ముర్ము గారు 1997లో రాయరంగపూర్‌లో కౌన్సిలర్‌గా మొదలెట్టారు. బ్రిటన్‌లో ఎంత సేవ చేసినా ఆ ఒక్క ఇంట్లో పుట్టకపోతే ఆ కుర్చీ రాదు, 2013లో చట్టం మార్చీదాకా ఆ ఇంట్లో కూడా అక్కకన్నా తమ్ముడే ముందు. ఇది చిన్న విషయం అంటే నేనొప్పుకోను.
ఇంకోటి, మన దగ్గర వట్టి సంతకమే కాదు. 1976లో రాజ్యాంగ 42వ సవరణ కేబినెట్ సలహా రాష్ట్రపతి పాటించి తీరాలంది, 1978లో 44వ సవరణ ఒకసారి వెనక్కి పంపొచ్చంది. 1997లో నారాయణన్ గారు యూపీలో రాష్ట్రపతి పాలన సిఫార్సు తిప్పి పంపితే కేబినెట్టే ఆగిపోయింది. బ్రిటన్‌లో ఇలాంటివన్నీ చాలావరకు ఆనవాయితీ మీదే నడుస్తాయి.

జయపురం నుంచి:
మాస్టారూ, 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టింది కూడా ఎన్నికైన రాష్ట్రపతే కదండీ, కేబినెట్ మర్నాడు పొద్దున్న గాని కూర్చోలేదు. అదే ఏడు నవంబర్ 11న ఆస్ట్రేలియాలో రాణిగారి ప్రతినిధి, గవర్నర్ జనరల్ కెర్, దిగువసభలో మెజారిటీ ఉన్న ప్రధాని విట్లాంని తీసీసాడు. ఒకరు ఆపాల్సిన చోట ఆపలేదు, ఒకరు ముట్టుకోకూడనిది ముట్టుకున్నారు. నా నమ్మకం పార్లమెంటు మీద, కోర్టుల మీదే.

రాయగడ అక్క:
పర్లాకిమిడి బాబూ, మీ ఊరి సంగతే చూడు. మీ రాజావారు 1937 ఏప్రిల్‌లో ఒరిస్సాకి మొదటి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) అయ్యారు, ఎందుకంటే మెజారిటీ ఉన్న కాంగ్రెస్ మంత్రివర్గం కట్టం అంది, గవర్నర్ ఈయన్ని పిలిచాడు. జూలైలో కాంగ్రెస్ సరేననగానే దిగిపోయారు. గద్దె వంశానిదే, మంత్రివర్గం మాత్రం అసెంబ్లీ లెక్క. ఈ రెండూ కలిపీకూడదు.

పర్లాకిమిడి కుర్రాడు:
అక్కా అది ప్రధాని పదవి, నేనడిగేది దేశాధినేత గురించి. స్పెయిన్ చూడండి, 1981 ఫిబ్రవరి 23న కుట్రదారులు తుపాకులతో పార్లమెంటులో జొరబడితే రాజు హువాన్ కార్లోస్ యూనిఫాంలో టీవీలోకొచ్చి రాజ్యాంగం వైపు నిలబడ్డాడు, కుట్ర కూలిపోయింది. ప్రెసిడెంటు మాట సైన్యం అంతలా వింటుందా?

బరంపురం మాస్టారు:
ఆయన నిలబడ్డాడు, మంచిదే. మరి నేపాల్? అక్కడా 1990 నుంచి రాజ్యాంగం ఉంది, 2005 ఫిబ్రవరిలో రాజు జ్ఞానేంద్ర ప్రభుత్వాన్ని తీసీసి అంతా తన చేతిలోకి లాక్కున్నాడు. జనం రోడ్డెక్కాల్సొచ్చింది, చివరికి 2008లో రాజరికమే ఎత్తీసారు. మన రాష్ట్రపతి రాజ్యాంగం దాటితే 61వ అధికరణం ఉంది, రెండు సభల్లోనూ మూడింట రెండొంతులమంది సరేనంటే పదవి పోతుంది, లేకపోయినా అయిదేళ్లకి గడువు తీరుతుంది. భూటాన్ ఈ భయం ముందే ఆలోచించి 2008 రాజ్యాంగంలో రాసుకుంది, రాజు 65 ఏళ్లకి దిగాలి, ఆ లోపు కావాలని రాజ్యాంగం మీరితే పార్లమెంటులో నాలుగింట మూడొంతులమంది ఓటేసి, ఆపైన దేశమంతా రిఫరెండం పెట్టి దించొచ్చు. అలాటి రాజైతే కూర్చుని మాట్లాడదాం, బ్రిటన్ పద్ధతికి మాత్రం నేను ఒప్పను.

పర్లాకిమిడి కుర్రాడు:
భూటాన్ రూలు నాకూ నచ్చింది మాస్టారూ. కానీ పార్టీ మద్దతు గురించి నేనడిగిందానికి ఇంకా ఎవరూ చెప్పలేదు. గిరి గారు ఇండిపెండెంటే, కానీ వెనక ఇందిరాగాంధీ వర్గం లేకపోతే గెలిచేవారా?