లీగ్ వన్‌కి ఎక్కాక నా టీమ్ చతికిలబడింది, ఏం చేయాలి?

ఎఫ్‌సీ 24 ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో రెక్సమ్ క్లబ్‌తో మేనేజర్ కెరీర్ ఆడుతున్నాను. లీగ్ టూలో (ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె) మూడో స్థానంతో ప్లేఆఫ్ మ్యాచ్‌ల గొడవ లేకుండా నేరుగా పైకొచ్చాను. ఇప్పుడు మూడో అంచె లీగ్ వన్‌లో జనవరికే 19వ స్థానం. 24 జట్లలో కింది నాలుగూ దిగిపోతాయి కదా, టెన్షన్‌గా ఉంది.

అసలు చిక్కు అలసట. లీగ్‌లోనే 46 మ్యాచ్‌లు, పైగా కప్పులు. మంగళవారం, శనివారం వరసగా పడితే 60వ నిమిషానికే మా స్ట్రైకర్ పాల్ మల్లిన్ స్టామినా అడుగంటుతోంది. గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉన్నా బంతి బయటికే. పోనీ బెంచ్ వాళ్లను దింపుదామంటే, నెలల తరబడి కూర్చోబెట్టానేమో, వాళ్ల షార్ప్‌నెస్ (మ్యాచ్ ఆడే పదును) సగం కూడా లేదు.

అకాడమీ నుంచి 17 ఏళ్ల వింగర్ ఒకడొచ్చాడు. పరుగు బాగుంది, భుజం తగిలితే చాలు పడిపోతాడు. వాణ్ణి వేరే క్లబ్‌కి లోన్‌ మీద పంపాలా, చివరి 20 నిమిషాలు నేనే ఆడించుకోవాలా? ట్రాన్స్‌ఫర్ డబ్బులో కొంత జీతాల వైపు జరిపి, అనుభవమున్న డిఫెండర్‌ని తెచ్చుకోవడం మేలా? డిఫికల్టీ తగ్గించమని మాత్రం చెప్పకండి, మా తమ్ముడు ఇప్పటికే నవ్వుతున్నాడు.