కళింగపట్నం–బారువ తీరం నడకకి కుక్కని తీసుకెళ్లొచ్చా?

ఉప్పుగాలి:
అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర బయల్దేరి తీరం వెంటే బారువ దాకా నడుద్దామని ఉంది. ఇద్దరు మనుషులం, ఒక కుక్క. నాటు కుక్క, మూడేళ్లది, 22 కిలోలు. రోజూ ఏడెనిమిది కిలోమీటర్ల నడక దానికి అలవాటే. దూరం 80 కిలోమీటర్లు పైనే, నాలుగు రోజుల్లో ముగించాలి. గుడారం, సామాను మా వీపు మీదే. తాడు విప్పేసి ఇసుకలో వదిలేయమని ఒకరంటారు, తీరం మీద కుక్క అడుగే పెట్టకూడదని ఇంకొకరంటారు. ఏదైనా సరే, కారణంతో చెప్పండి.

సరుగుడునీడ:
తీసుకెళ్లకండి. నడవలేదని కాదు, మీరు ఎంచుకున్న నెల అలాంటిది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, అల అందని చోట అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి పోతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అంటే సంక్రాంతికి పెట్టిన గుడ్లు మార్చి దాకా అక్కడే ఉంటాయి. ఒకసారి గాలి కొట్టాక ఆ చోటు మన కంటికి ఆనదు. కుక్క ముక్కుకి మాత్రం నిమిషం పని. అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి హేచరీల్లో పెడుతున్నారు గానీ, ఏరగలిగేది దొరికినవాటినే కదా. రిడ్లే తాబేలు 1972 నాటి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. గూడు తవ్వింది మీ కుక్కయితే జవాబు చెప్పాల్సింది మీరు.

గట్టుబాట:
సరుగుడునీడ గారూ, గూళ్లు తవ్వేవి ఊరకుక్కలు, నక్కలు, పందులు. ఆరడుగుల తాడు నడుం బెల్టుకి తగిలించుకున్న మనిషి పక్కన నడిచే కుక్క ఏం తవ్వుతుంది? తాబేలు వచ్చేది రాత్రి, వీళ్లు నడిచేది పగలు. తడి ఇసుక అంచునే నడిస్తే గూళ్లున్న పొడి ఇసుక జోలికే పోనక్కర్లేదు. చీకటి పడ్డాక కుక్కని సరుగుడు తోటలో చెట్టుకి కట్టేస్తే సరి. ఇసుకలో మేకు పాతి కట్టొద్దు, 22 కిలోల కుక్క ఒక్క గుంజుకి పీకేస్తుంది. తోట దొరక్కపోతే గుడ్డసంచిలో ఇసుక నింపి మూతి బిగించి, తాడు దానికి కట్టి, సంచిని అడుగున్నర లోతున పాతిపెట్టాలి.

సరుగుడునీడ:
ఆ అడుగున్నర గొయ్యి మీరు తవ్వే చోటే గూడుంటే? చెట్టు లేని చోట ఆగకూడదనే చెప్పండి, సంచి చిట్కా వద్దు. ఇంకోటి. జనవరి, ఫిబ్రవరుల్లో వలల్లో చిక్కి చచ్చిన తాబేళ్లు ఒడ్డుకి కొట్టుకొస్తాయి. అదీ అల అంచునే, మీరు నడవమన్న చోటే. ఉబ్బి, డొప్ప పెచ్చులూడిన కళేబరం వాసన నూరు గజాల నుంచే కుక్కకి తెలుస్తుంది. నాకుతుంది, పొర్లుతుంది, ముక్క నోట కరుచుకుంటుంది. రాత్రికి వాంతులు.

గట్టుబాట:
మొదటిది ఒప్పుకున్నాను, సంచి వద్దు, చెట్టే. రెండోది తాడు పొట్టిగా పట్టుకుంటే తీరిపోయేదే.

పశువులడాక్టరు:
తాబేళ్ల సంగతి మీరు తేల్చుకోండి, నేను కుక్క ఒంటి సంగతి చెబుతాను. రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడిచే కుక్క వరసగా నాలుగు రోజులు ఇరవయ్యేసి నడవగలదని లెక్క కట్టకూడదు. ముందు అలిసిపోయేది ఊపిరి కాదు, పాదం. అరికాలి మెత్తలు గట్టిపడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు దూరం కొద్దికొద్దిగా పెంచుకుంటూ, వారంలో రెండు రోజులు ఇసుకలోనే నడిపించాలి. తడి ఇసుక కాళ్లకి చల్లగా ఉంటుంది గానీ, నానిన మెత్తని గరుకు కాగితంలా అరగదీస్తుంది. సాయంత్రం నాలుగు కాళ్లూ మంచినీళ్లతో కడిగి, వేళ్ల మధ్య వెంట్రుకలు విడదీసి ఇసుక రాల్చి, పొడిగుడ్డతో అద్దండి. మెత్త అంచున తెల్లగా పొర లేచిందంటే మర్నాడు విశ్రాంతే. బూట్లు వేస్తామంటారు కొందరు. ఇసుకలో బూటు పనికిరాదు. పైనుంచి ఇసుక జారి లోపల ఒరుసుకుని పుండు పడుతుంది. తారురోడ్డుకీ, పల్లేరు కాయలున్న గట్టుకీ బూటు మంచిదే, అదీ రెండు గంటలకోసారి విప్పి చూడాలి.

నీళ్లు ఇంట్లో పడుకున్న కుక్కకే కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి. 22 కిలోలకి లీటరూ పావు. నడక రోజున రెండున్నర నుంచి మూడు లీటర్లు అనుకోండి. అరగంటకోసారి కొంచెం కొంచెం పట్టాలి. దాహం వేసిందాకా ఆగితే సముద్రం నీళ్లు తాగేస్తుంది. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పుంటుంది. నాలుగు గుక్కలకే విరేచనాలు పట్టుకుంటాయి, ఇంకా ఎక్కువ తాగితే తూలడం, మూర్ఛ. తీరం ఊళ్లలో కొన్ని బోర్లు ఉప్పగా ఉంటాయి, మీరు నోట్లో పోసుకుని చూశాకే దానికి పట్టండి.

తిండి: ఈ బరువుకి మామూలు రోజున పొడి ఆహారం 325 గ్రాములు సరిపోతే, నడక రోజున 450 నుంచి 500. పొద్దున పావు వంతు, మిగతాది నడక ఆగిన గంట తర్వాత. కడుపు నిండా పెట్టి వెంటనే నడిపిస్తే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదముంది. లోతు ఛాతీ ఉన్న పెద్ద జాతులకి మరీను.

వేడి: మన తీరంలో జనవరి పగలు 28 డిగ్రీలే కదా అనుకుంటారు. గాల్లో తేమ ఎక్కువగా ఉంటే రొప్పినా ఒళ్లు చల్లారదు. కుక్క మామూలు వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 40 దాటితే నడక ఆపాలి. 41 దాటితే వడదెబ్బే. నాలుక పొడుగ్గా సాగి కొస వెడల్పయి, చిగుళ్లు ఇటుకరంగుకి తిరిగితే థర్మామీటరు కోసం వెతకొద్దు. నీడకి తెచ్చి, పొట్ట, గజ్జలు, చంకల మీద నీళ్లు పోస్తూ విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. 39.5కి దిగాక నీళ్లు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. చల్లార్చకుండా ఆటో ఎక్కించకండి. పగ్గుల్లాంటి చప్పిడి ముక్కు జాతులైతే ఈ చర్చే అక్కర్లేదు, ఇంట్లో ఉంచండి.

పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ లాంటి మన నొప్పి మాత్రలు కుక్కకి వేయకండి.

పలాసజీడి:
డాక్టరు గారు చెప్పిందానికి తిరుగులేదు గానీ ఒకటి మర్చిపోయారు. వలల్లోంచి ఏరి ఇసుక మీద పారేసిన చేపల్లో బంతిలా ఉబ్బే చేప ఉంటాది. దాని విషానికి విరుగుడు మందు లేదు. ఎండబెట్టిన చేప చూస్తే కుక్క ఆగదు, అది ఉప్పు మూట. చేపల్లో గేలాలూ ఉంటాయి. ఊరి ముందు నడిచినంతసేపు మూతిబుట్ట వేయండి, నోరు తెరిచి రొప్పడానికి వీలున్న తీగ బుట్ట, గుడ్డది కాదు.

అసలు నా మాట వేరే. బావనపాడు దాటాక వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, ఇదంతా ఉద్దానం. జీడి, కొబ్బరి తోటల్లో ఎలుగుబంట్లున్నాయి. తెల్లవారుజామునా, మునిమాపునా తిరుగుతాయి. తాడు లేని కుక్క ఎలుగుని చూసి మొరుగుతాది, అది తిరగబడితే వెనక్కి పరిగెట్టి ఎక్కడికొస్తాదేటి? మీ దగ్గరికే. ఎలుగుని మీ గుడారానికి దారి చూపించి మరీ తెస్తాది. అందుకే తాడు విప్పమన్న మనిషి మాట వినకండి. జీడితోటలో గుడారం వద్దు. సరుగుడైతే సముద్రం వైపు అంచునే, అదీ ఊరికి దగ్గరగా, ఊళ్లో చెప్పి.

ఉప్పుగాలి:
అందరికీ ధన్యవాదాలు. కుక్క వీపున దాని తిండి సంచి పెట్టొచ్చా? అలా పెట్టి నడిపించే వీడియోలు చూశాం. ఇంకోటి, ఊరకుక్కల గుంపు ఎదురైతే?

గట్టుబాట:
గుంపు సంగతి ముందు. ఊళ్లోంచి నడవొద్దు, సముద్రం అంచున నడవండి. కుక్కని నీళ్ల వైపు ఉంచుకుని మీరు ఊరి వైపు ఉండాలి. పరిగెట్టకూడదు. గొడుగు మూసి పట్టుకుని, దగ్గరికొస్తే టప్పున తెరవండి, చేతికర్ర కన్నా అది బాగా పనిచేస్తుంది. ఊరకుక్క కరిస్తే మీ కుక్కకైనా మీకైనా పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడగాలి, టీకాలు ముందే వేయించినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. అలివి వల లాగుతుంటే ఆ తాళ్లు దాటించకండి, వెనక నుంచి చుట్టు తిరిగి రండి. పడవ మీద కాలెత్తనివ్వకండి, గంగపుత్రులకి అది దేవుడితో సమానం. ఒకసారి అలా జరిగితే ఆ ఊళ్లో గుక్కెడు నీళ్లు కూడా పుట్టవు.

పశువులడాక్టరు:
సంచి సంగతి. బాగా అలవాటైన ఆరోగ్యమైన కుక్క ఒంటి బరువులో పదో వంతు మోయగలదు, మీ కుక్కకి రెండు కిలోల చిల్లర. ఏడాదిన్నర నిండని కుక్కకి ఎముక చివర్లు ఇంకా గట్టిపడవు కాబట్టి అసలే వద్దు. మన తీరంలో మాత్రం రెండేళ్లు దాటినదానికీ వద్దంటాను. సంచి వీపుని కప్పేస్తుంది, పట్టీల కింద ఉప్పు, ఇసుక చేరి చంకల్లో ఒరిపిడి పుళ్లు లేస్తాయి. నాలుగు రోజుల తిండి రెండు కిలోలే కదా, మీరే మోయండి. మెడపట్టీకి కాకుండా ఛాతీ హార్నెస్‌కి తాడు తగిలించండి.

విజయనగరంనడక:
తీసుకెళ్లాలా వద్దా అని ఒక్క మాటలో తేల్చమంటే ఈ గొడవ తెగదు. అమెరికాలో అపలాచియన్ ట్రైల్ సుమారు 3,500 కిలోమీటర్లు. చాలామటుకు కుక్కని రానిస్తారు, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానవనం ముక్కలో, ఆఖర్న కటాడిన్ కొండ ఉన్న బాక్స్‌టర్ స్టేట్ పార్కులో రానివ్వరు. కుక్కతో నడిచేవాళ్లు అక్కడికొచ్చాక దాన్ని ఎవరికైనా అప్పజెప్పి, ఆ ముక్క దాటాక మళ్లీ కలుపుకుంటారు. మన తీరాన్నీ అలాగే ముక్కలుగా చూడాలి. ఎలాగూ మూలపేట పోర్టు పనుల వల్ల బావనపాడు దగ్గర ఒడ్డు వెంట సూటిగా పోలేరు. క్రీకు ఉంది, నౌపడ ఉప్పు మడులున్నాయి, రోడ్డెక్కి చుట్టు తిరగాల్సిందే. ఆ చుట్టుదారిలోనే తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ ఊరి చెట్ల మీదే గూళ్లు పెడతాయి. జనవరిలో చెట్ల కింద పడిన పిల్లలుంటాయి. ఆ ఊళ్లోకి కుక్కతో వెళ్లొద్దు.

చుట్టుదారి కలిపితే నాలుగు రోజులు చాలవు, ఆరు పెట్టుకోండి. రోజుకి 15 కిలోమీటర్లు. పొద్దున ఆరు నుంచి పది, మధ్యాహ్నం మూడున్నర నుంచి అయిదున్నర. అంతకు ముందూ వెనకా చీకటి, అది తాబేళ్లది.

సరుగుడునీడ:
ముక్కలు చేసినా నా మాట అదే. జనవరిలో ఒడ్డు మీద కుక్క వద్దు. నడవాలనే ఉంటే నవంబరు ఆఖరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా నడవండి. ఎండ తగ్గుతుంది, తాబేళ్ల రద్దీ ఇంకా మొదలవదు.

గట్టుబాట:
డిసెంబరులో తుపాన్లు రావా? తిత్లీ 2018 అక్టోబరు 11న ఈ పలాస తీరాన్నే తాకింది. ఆ నెల దాటగానే భయం తీరిపోయినట్టు మాట్లాడతారేం?

సరుగుడునీడ:
తీరిపోదు. కానీ తుపాను మూడు నాలుగు రోజుల ముందే వాతావరణ శాఖ హెచ్చరికలో కనిపిస్తుంది, నడక మానుకుని ఇంటికి పోవచ్చు. గూడు ఎక్కడుందో ఏ హెచ్చరికా చెప్పదు.

విజయనగరంనడక:
సెలవులు సంక్రాంతికే ఉంటే తీరం మాని కాలువ గట్టు పట్టండి. గొట్టా బ్యారేజీ దగ్గర మొదలయ్యే వంశధార ఎడమ కాలువ వంద కిలోమీటర్లు పైనే. సిమెంటు వేసిన చోట వాలు నున్నగా ఉంటుంది, కుక్క జారితే పైకి ఎక్కలేదు, అక్కడ తాడు చేతిలో గట్టిగా ఉండాలి. ఆ పైభాగంలో ఏనుగులు తిరుగుతున్నాయేమో ఫారెస్టు వాళ్లని ముందే అడగండి. గడ్డిలో గోమార్లు ఎక్కువ. ఫిప్రోనిల్ చుక్కల మందు వేస్తే దానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు కుక్కని తడపకూడదు, బయల్దేరే రోజున వేసి కాలువలో దింపితే మందు వృథా. రోజూ రాత్రి చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద చేత్తో తడిమి, చిక్కిన గోమారిని చర్మానికి ఆనించి పట్టకారుతో నిటారుగా లాగేయండి. తిరిగొచ్చాక మూడు వారాల్లోపు జ్వరం, ముక్కులోంచి రక్తం కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి.

ఉప్పుగాలి:
సరే, కుక్కతో అయితే సంక్రాంతికి కాలువ గట్టే. తీరం డిసెంబరులో పెట్టుకుంటాం, ఆరు రోజులు, తాడు విప్పం. చివర్లో బారువ నుంచి రైల్లో తిరిగి రావచ్చా?

పలాసజీడి:
స్లీపరు, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీల్లో కుక్కని ఎక్కించనివ్వరండి. ఫస్ట్ ఏసీలో అయితే రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరునే ఉండాలి. లేదంటే గార్డు పెట్టెలో కుక్కల గూడు, దానికి పార్సిలు ఆఫీసులో ముందుగా రాయించుకోవాలి, టీకాల కార్డు చూపించాలి. చిన్న స్టేషన్లో రైలు నిమిషం ఆగితే ఎక్కించేదేటి, దించేదేటి? బారువ నుంచి ఆటో మాట్లాడుకుని పలాస వచ్చి అక్కడ ఎక్కండి. గార్డు పెట్టెలో ఫ్యాను ఉండదు. పొద్దున బండో రాత్రి బండో చూసుకోండి, మధ్యాహ్నం బండి వద్దు.