ప్లాస్టిక్ కుర్చీని దిమ్మె మీద పెట్టి చుట్టూ తాడు కట్టారు. ఇలాంటివాటిలో అసలు దేన్ని చూడాలి?

తికమక_ప్రేక్షకుడు:
సమకాలీన కళ, డిజైన్ కలిపి పెట్టిన ఒక ప్రదర్శన చూసొచ్చాను. సగం బుర్రకెక్కలేదు. ఒక గదిలో గోడంతా సన్నటి పెన్సిల్ గీతలు, పక్కన ఒక కళాకారుడి పేరు, తీరా చూస్తే గీసింది ఆయన కాదట, గ్యాలరీ పెట్టుకున్న మనుషులట. ఇంకో చోట మనం ఎక్కడపడితే అక్కడ చూసే తెల్ల ప్లాస్టిక్ కుర్చీ, దాన్ని ముట్టుకోకూడదట. కాగితం మీద వేసిన బొమ్మలున్న గదైతే మరీ చీకటి, కళ్లు చిట్లించుకుని చూడాల్సొచ్చింది. సరే, గోడ మీద పెద్దగా రాసిన పరిచయమైనా చదువుదామంటే "స్థలానికీ ఉనికికీ మధ్య సంభాషణ" లాంటి మాటలు తప్ప అందులో ఏమీ లేదు. వెక్కిరించడానికి అడగట్లేదండీ. పాత చిత్రాలు, శిల్పాలు ఇష్టంగానే చూస్తాను, వాటి ముందు ఎంతసేపైనా నిలబడతాను. వీటి ముందు మాత్రం ఏం చేయాలో తోచదు. ఇంతకీ ఆ చీకటి ఎందుకు?

లైట్లు_బిగించేవాణ్ణి:
చీకటి సంగతి ముందు చెప్తాను, అది నా పని కాబట్టి. కాగితం, బట్ట, నీటిరంగులు, పాత ఫొటోలు ఇవన్నీ వెలుతురుకి పాడైపోతాయి. వాటి మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాటకూడదని మాకు లెక్క, ఆయిల్ పెయింటింగ్ అయితే 200 వరకు పర్లేదు. వెలిసిన రంగు మళ్లీ రాదు, జరిగిన నష్టం జరిగినట్టే పేరుకుంటూ పోతుంది, అందుకే అలాంటి బొమ్మల్ని కొన్ని నెలలు చూపించి మళ్లీ సొరుగులో పెట్టేస్తారు. మీరు చేయాల్సింది ఒక్కటే, ఎండలోంచి వచ్చి నేరుగా బొమ్మ ముందుకి వెళ్లిపోకుండా గుమ్మం దగ్గర కాసేపు ఆగండి, కళ్లు సర్దుకుంటాయి. ఫోన్ తీశారో మళ్లీ మొదటికే.

ఇక గోడ మీద గీతలు. ఈ పద్ధతి అనగానే ముందు గుర్తొచ్చే పేరు అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్, 1968లో మొదలుపెట్టాడు. ఆయన ఇచ్చినవి సూచనలు మాత్రమే, ఎన్ని గీతలు, ఎటు వైపు, ఏ రంగు అని. కొన్నవాళ్ల చేతికి వచ్చేది ఆ సూచనలూ ఒక సర్టిఫికెట్టూ. ప్రదర్శన అయిపోగానే గోడకి సున్నం కొట్టేస్తారు, తర్వాత ఇంకెక్కడో ఇంకెవరో మళ్లీ గీస్తారు. కాబట్టి దూరం నుంచి ఒకసారి చూసి, తర్వాత ముక్కు గోడకి తగిలేంత దగ్గరికి వెళ్లండి (తగలనివ్వకండి, కాపలా వాళ్లు ఊరుకోరు). పెన్సిల్ అరిగి గీత లావైన చోటు, చెక్కాక మళ్లీ సన్నబడిన చోటు, ఇద్దరి చేతి బరువు వేరుగా ఉన్న చోటు కనిపిస్తాయి. మూల మలుపు దగ్గర, స్విచ్ బోర్డు దగ్గర ఏం చేశారో చూడండి. కాగితం మీది సూచన ఈ గోడకి ఎలా సర్దుకుందో అక్కడే తెలిసిపోతుంది.

పెద్ద పరిచయం వదిలేయండి, మేమే చదవం. చిన్న లేబుల్‌లో ఏ పదార్థం, ఏ సంవత్సరం, ఎంత కొలత అన్నవి ముందు చూసుకోండి.

అచ్చుపోత:
డిజైన్ చదువుతున్నాను, కుర్చీ విషయం నాకు వదిలేయండి. దాన్ని మోనోబ్లాక్ అంటారు, మొత్తం ఒకే ముక్క కాబట్టి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ గుళికల్ని 220 డిగ్రీల దగ్గర కరిగించి అచ్చులోకి నొక్కితే నిమిషం లోపు కుర్చీ బయటికొస్తుంది. 1972లో ఫ్రాన్స్‌లో ఆన్రీ మాసోనే చేసిన ఫోత్తేయ్ 300 అనే కుర్చీని దీనికి తాత అనొచ్చు. 2017లో వీట్రా డిజైన్ మ్యూజియం ఈ ఒక్క రకం కుర్చీ మీదే ప్రదర్శన పెట్టింది. ఈసారి వెళ్తే వంగి కాళ్లు చూడండి. గుండ్రంగా ఉండవు, మడత పెట్టిన అట్టలా ఒకవైపు తెరుచుకుని ఉంటాయి. పల్చటి ప్లాస్టిక్ మనిషి బరువు మోయాలంటే ఆ మడత కావాలి, ఒకదాని మీద ఒకటి పేర్చాలన్నా అదే కావాలి. వీపు దగ్గర సందులు అందానికే అనుకుంటాం, వాటివల్ల ప్లాస్టిక్ కూడా తక్కువ పడుతుంది. సీటు అడుగున మధ్యలో చిన్న మచ్చ లాంటిది ఉంటుంది, కరిగిన ప్లాస్టిక్ లోపలికి వచ్చిన దారి అది. ఇంట్లో ఉన్నదాన్ని తిరగేసినా కనిపిస్తుంది.

వాడుక వస్తువుని దిమ్మె ఎక్కించడం కొత్తేమీ కాదు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమా 1934లోనే స్ప్రింగులు, బాల్ బేరింగులు, ఓడ ప్రొపెల్లర్లు పెట్టి ప్రదర్శన చేసింది. ముట్టుకోనివ్వకపోవడానికి కారణం కూడా ఉంది. మ్యూజియంలో రాయి కన్నా ప్లాస్టిక్‌ని కాపాడటమే కష్టం. 1960ల నాటి ఫోమ్ సోఫాలు ఎవరూ కూర్చోకుండానే పొడి పొడిగా రాలిపోతున్నాయి.

సందేహాల్రావు:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పక్కన ఒకరు నిలబడి ఇంత చెప్తేనే అర్థమయ్యేదాన్ని గోడ మీద పెట్టడం ఎందుకండీ? 2015లో ఇటలీలోని బోల్జానోలో ఒక ఇన్‌స్టలేషన్ (గదిలో వస్తువులు పేర్చి చేసే కళ), ఖాళీ షాంపేన్ సీసాలు, సిగరెట్ పీకలు, రంగు కాగితాల ముక్కలు. శుభ్రం చేసేవాళ్లు రాత్రి పార్టీ చెత్త అనుకుని సంచుల్లో కట్టేశారు. మ్యూజియం వాళ్లు మళ్లీ పేర్చిపెట్టారనుకోండి. నాకైతే ఆ ఊడ్చినవాళ్ల చూపే కరెక్ట్ అనిపిస్తుంది.

వెనకబెంచీ:
@సందేహాల్రావు చెప్తే తప్ప తెలియదు అన్నది నిజమే, కానీ అంతమాత్రాన అది తక్కువదైపోదు. ఫెలిక్స్ గొంజాలెస్-టోరెస్ అనే కళాకారుడు 1991లో చేసిన కళాకృతి ఒకటుంది, గది మూలలో రంగు కాగితాలు చుట్టిన చాక్లెట్ల కుప్ప, కుప్పకి ఆయన పెట్టిన ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. వచ్చినవాళ్లు ఒకటి తీసుకోవచ్చు. దాని శీర్షికలో రాస్ అనే పేరుంది, ఈ రాస్ గొంజాలెస్-టోరెస్ సహచరుడు, అదే ఏడాది ఎయిడ్స్‌తో చనిపోయాడు. ఆ బరువు ఆరోగ్యంగా ఉన్నప్పటి రాస్‌దని చాలామంది అర్థం చేసుకుంటారు. అది తెలిశాక చేయి చాపి ఒకటి తీసుకోవడం అంత తేలిక కాదు. తీసుకున్నకొద్దీ కుప్ప తగ్గుతుంది, గ్యాలరీ మళ్లీ నింపవచ్చు. 2022లో చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ లేబుల్‌లో రాస్ పేరు, ఎయిడ్స్ ప్రస్తావన లేవని గొడవైంది, తర్వాత లేబుల్ మార్చారు. నాలుగు లైన్ల లేబుల్ కోసం జనం అంత పట్టుబట్టారంటే అది కళాకృతిలో భాగమనే కదా.

సందేహాల్రావు:
చాక్లెట్లది ఒప్పుకుంటాను. సీసాలది మాత్రం ఒప్పుకోను.

తికమక_ప్రేక్షకుడు:
అందరికీ థాంక్స్. ఇంట్లో కుర్చీ తిరగేశాను, మచ్చ ఉంది! వచ్చే వారం మా నాన్నగారిని తీసుకెళ్తున్నాను. వీడియో గదులుంటే ఎంతసేపు ఉండాలి? మధ్యలో లేచి వచ్చేస్తే బాగోదేమో అని టెన్షన్.

లైట్లు_బిగించేవాణ్ణి:
ఎవరూ ఏమీ అనుకోరు. లేబుల్ మీద నిడివి ఉంటుంది, ఏడు నిమిషాలదైతే మొదటి నుంచి చూడండి, గంట దాటితే కాస్త చూసి వచ్చేయొచ్చు. క్రిస్టియన్ మార్క్లే అనే కళాకారుడు 2010లో చేసిన "ది క్లాక్" అనే వీడియో 24 గంటల నిడివి, దాన్ని ఒక్క విడతలో ఎవరు చూస్తారు చెప్పండి. పెద్దాయనతో వెళ్తున్నారు కాబట్టి ముందే కౌంటర్ దగ్గర మడత స్టూలు అడగండి, చాలా గ్యాలరీల్లో ఇస్తారు గానీ బయట పెట్టరు. గదిలో కాపలాగా ఉండేవాళ్లతో కూడా మాట కలపండి. రోజంతా అక్కడే నిలబడతారు, ఏ కళాకృతి దగ్గర జనం ఆగుతున్నారో క్యూరేటర్ (ప్రదర్శనని కూర్చేవాళ్లు) కంటే వాళ్లకే బాగా తెలుసు.