షాఫ్ట్ బండి వెనక హబ్ స్ప్లైన్లకు ఏ గ్రీజు పూయాలి?

వెనకచక్రం:
గొలుసు బదులు షాఫ్ట్ కడ్డీతో వెనకచక్రం తిరిగే బైకు నాది. టైరు మార్చడానికి చక్రం దించాను. చక్రం నడిమి హబ్‌ను డ్రైవ్‌కు జోడించే స్ప్లైన్ (గాడి) పళ్ల సందుల్లో ఎర్రటి పొడి తప్ప గ్రీజు జాడే లేదు. బేరింగులకు వాడే లిథియం గ్రీజు ఉంది. అది పూసి బిగించేయొచ్చా? మాలిబ్డినం పేస్టే కావాలా?

షాఫ్ట్‌వీరుడు:
లిథియం వద్దండీ. ఈ పళ్లు బేరింగ్ గుండ్లలా దొర్లవు. బరువు మోస్తూనే ఉన్నచోట వెంట్రుకవాసి అటూ ఇటూ రాసుకుంటాయి. ఆ ఒత్తిడికి మామూలు గ్రీజు పక్కకు పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. అప్పుడు ఇనుము ఇనుమును రాసి రజను రాలుతుంది. అది తుప్పు పట్టిందే మీరు చూసిన ఎర్ర పొడి. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఘనపదార్థం కాబట్టి నూనె ఆరిపోయినా పంటిమీద పొరగా నిలుస్తుంది.

డబ్బా మీద ‘మాలీ’ అని ఉంటే సరిపోదు. మామూలు మాలీ గ్రీజులో అది 3 శాతం దగ్గరే ఉంటుంది. 40 శాతం దాటిన పేస్టు తీసుకోండి. ముందు కిరోసిన్, నైలాన్ బ్రష్‌తో ఎర్ర పొడి పూర్తిగా పోయేదాకా కడగండి. అది మిగిలితే కొత్త గ్రీజులో కలిసి పళ్లను అరగదీస్తుంది. పేస్టు సందులు నిండేలా కూరొద్దు, పంటి ముఖాలు నల్లబడేంత చాలు.

డిస్కుబ్రేకు:
ఎక్కువైతే తిరిగే వేగానికి చిమ్మి బ్రేకు మీద పడుతుంది, జాగ్రత్త. ఓ-రింగ్ (రబ్బరు సీలు రింగు) కూడా కొత్తది వేయండి.

నట్టుబిగువు:
గ్రీజు శాతాలేనా? వరస గురించి ఒక్క మాటా లేదే! ఫైనల్ డ్రైవ్ (షాఫ్ట్ తిరుగుడును చక్రానికి అందించే గేర్ల పెట్టె) నట్లు ముందే బిగించి తర్వాత ఇరుసు దూరిస్తే, హబ్ కేంద్రం ఒకచోట, డ్రైవ్ కేంద్రం ఇంకోచోట ఉంటాయి. చుట్టుచుట్టుకీ పళ్లు రాసుకుంటాయి. డ్రైవ్‌ను స్వింగ్ ఆర్మ్‌కు (వెనకచక్రాన్ని మోసే చేయికి) పట్టి ఉంచే నట్లు చేత్తో తిప్పి వదిలేయాలి. చక్రం ఎక్కించి, ఇరుసు నట్టు టార్కుకు (చెప్పిన బిగువుకు) బిగించాకే ఆ నట్లను ఎదురెదురుగా బిగించాలి. ఇది చేయకుండా 60 శాతం పేస్టు పూసినా అరుగుతాయి.

షాఫ్ట్‌వీరుడు:
వరస వద్దని ఎవరన్నారు? అడిగింది గ్రీజు సంగతి. వరస కుదిరిన బండిలోనూ గ్రీజు ఎండితే పళ్లు పోతాయి.

ఒంటిచేయి:
ముందు ఏ బండో చెప్పండి. బీఎండబ్ల్యూ ఆర్1200జీఎస్‌లో చక్రం నేరుగా ఫైనల్ డ్రైవ్‌కే బోల్టులతో ఉంటుంది. అక్కడ చక్రానికి స్ప్లైనే లేదు, గ్రీజు పడాల్సింది షాఫ్ట్ చివరి పళ్లకు.

వెనకచక్రం:
నాది ఇరుసు ఉన్న మామూలు రకమే. హబ్‌కు ఫ్లాంజి (పళ్లున్న బిళ్ల) ఉంది.

నట్టుబిగువు:
‘టైరు మార్చినప్పుడల్లా విప్పండి, పూయండి’ అని అందరూ తేలిగ్గా రాసేస్తారు. నా బండిని ఒక షాపువాళ్లు అలాగే విప్పి, స్పేసరు (ఇరుసు మీద ఎడం ఉంచే గొట్టం) తిరగేసి పెట్టి, డ్రైవ్ నట్లు ముందే బిగించి ఇచ్చారు. పళ్లు పోయింది ఆ పనివల్లే, గ్రీజు లేక కాదు.

షాఫ్ట్‌వీరుడు:
వాళ్ల తప్పు చూపించి అందరినీ గ్రీజు మానెయ్యమంటారా? పొడిగా నడిపి ఫ్లాంజి పారేసుకున్నవాళ్లకు ఏం చెబుతారు?

నట్టుబిగువు:
మానెయ్యమని అన్నానా? అనని మాట నాకు అంటగట్టకండి! విప్పితే వచ్చే నష్టాన్ని మీరు లెక్కే వేయడం లేదంటున్నాను. తెలిసినవాడు విప్పితేనే లాభం.

షాఫ్ట్‌వీరుడు:
అలా చెప్పండి మరి. మన తగువు గ్రీజు మీద కాదన్నమాట, విప్పడం మీద. సరే, టైరు కోసం చక్రం ఎలాగూ దిగుతుంది. ఆ ఒక్క అవకాశంలో హబ్ పళ్లు కడిగి పూయకపోవడం నాకు నేరమే. ఫైనల్ డ్రైవ్‌ను పూర్తిగా ఊడదీసి షాఫ్ట్ పళ్లదాకా వెళ్లడమంటారా, దానికి మాన్యువలు, టార్క్ రెంచి దగ్గర ఉండాలని నేనూ ఒప్పుకుంటాను.

నట్టుబిగువు:
చక్రం ఒక్కటే దించినా, ఇరుసు దూర్చేముందు ఆ నట్లు కాస్త వదులు చేయాల్సిందే. ఇందులో నేను తగ్గను.

వెనకచక్రం:
కడిగాను. ఫ్లాంజి పంటి పక్కన గోరు తగులుతోంది, చిన్న మెట్టులా ఉంది. పేస్టు పూస్తే సరిపోతుందా?

షాఫ్ట్‌వీరుడు:
మెట్టును ఏ పేస్టూ పూడ్చదు. పళ్ల కొనలు ఇంకా చదునుగా, రెండువైపులా ఒకే తీరుగా ఉంటే పూసి నడపండి, వచ్చే టైరుదాకా ఆగకుండా మధ్యలో విప్పి చూడండి. కొనదేలి ఉంటే మాత్రం ఫ్లాంజి ఒక్కటే మార్చొద్దు, డ్రైవ్ వైపు పళ్లనూ చూడండి. అరిగినవి కొత్తవాటిని తినేస్తాయి.

డిస్కుబ్రేకు:
పనిలో పనిగా డ్రైవ్ ఆయిలూ దించండి. అయస్కాంతపు ప్లగ్గుకు బూడిదరంగు ముద్ద అంటుకుంటే ఫరవాలేదు, పెచ్చులు ఉంటే గేర్లు చూపించాలి. బ్రీదర్ (గాలి పోయే) రంధ్రం మూసుకుపోతే వేడికి ఒత్తిడి పెరిగి సీలు పక్కనుంచి ఆయిలు కారుతుంది, ఆ రంధ్రాన్నీ గుడ్డతో తుడవండి.

నట్టుబిగువు:
స్పేసరు ఏవైపు ఉందో విప్పకముందే ఫోటో తీసి పెట్టుకున్నారా?

వెనకచక్రం:
లేదండీ. మాన్యువల్లో బొమ్మ వెతుకుతున్నాను.