వేడెక్కాక ఐడిల్‌లో వణుకు: సర్వీసు బులెటిన్ చెప్పినట్టు ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్పిస్తే పోతుందా?

ప్రశ్న

నాది 1.5 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. ఆటోమేటిక్ గేరు. 84 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలలుగా ఒకటే బాధ. పొద్దున స్టార్టు చేసినప్పుడు ఇంజిన్ చక్కగా ఉంటుంది. ఇరవై నిమిషాలు నడిపాక ఎక్కడైనా ఆగితే చాలు, స్టీరింగు చేతిలో వణకడం మొదలవుతుంది. ఆర్‌పీఎం ముల్లు 700 నుంచి 600కు జారి, ఉలిక్కిపడినట్టు 800కు లేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే అంతా సర్దుకుంటుంది. వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ, కారుకు చలిజ్వరం వచ్చినట్టుందిరా అంది.

నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేయించాను. ఒక కాయిల్ మార్చారు, తేడా లేదు. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ విప్పి కార్బన్ శుభ్రం చేయించాను. ఒక వారం బాగుంది, తరవాత మళ్లీ మొదటికి వచ్చింది. చెక్ ఇంజిన్ దీపం రెండుసార్లు వెలిగింది, రెండుసార్లూ పి0300 కోడే, అంటే సిలిండర్లలో మంట తప్పుతోందని (మిస్ ఫైర్).

మొన్న ఈ కారు కంపెనీ ఇచ్చిన ఒక సర్వీసు బులెటిన్ దొరికింది. లక్షణం: ఐడిల్‌లో, అంటే కారు ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, కుదుపు, పి0300 నమోదు కావచ్చు. పరిష్కారం: ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో, కొత్త సాఫ్ట్‌వేర్. నా మోడలే, నా ఇంజినే. చదవగానే ప్రాణం లేచి వచ్చింది. సర్వీసు సెంటర్‌లో అడిగితే డబ్బు కడితే వేస్తామన్నారు. వేయించమంటారా? ఇంతవరకు పెట్టిన ఖర్చంతా ఊహ మీద పెట్టిందే. ఇంకోసారి అలా చేయాలని లేదు.

జవాబు 1

సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఇంజిన్ మౌంటింగులు చూడండి. బ్రేకు నొక్కిపట్టి డి లో పెట్టినప్పుడు వణుకు పెరిగి, న్యూట్రల్‌లో తగ్గుతుందా? నా కారులో అదే జరిగింది. కుడివైపు మౌంటింగు రబ్బరు చీలిపోయి ఉంది. దాన్ని మార్చగానే పోయింది.

జవాబు 2

ఆగండి, ఇంకా వేయించకండి. పందొమ్మిదేళ్లు వర్క్‌షాపులో పనిచేశాను. అందులో సగం కాలం కంపెనీ నుంచి వచ్చే బులెటిన్లు చదివి మెకానిక్‌లకు వివరించడమే నా పని. బులెటిన్ అసలు చదవనివాళ్ల కంటే, లక్షణం, పరిష్కారం అన్న రెండు వరుసలు మాత్రం చదివి మధ్యలోది వదిలేసినవాళ్లే కార్ల యజమానులతో ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టించారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మౌంటింగు గురించి పైన చెప్పినది మంచి మాటే. కానీ మౌంటింగు పాడైతే ముల్లు నిలకడగా ఉండి కారు మాత్రమే వణుకుతుంది. ఈయన కారులో ముల్లే ఊగుతోంది. అంటే ఇంజిన్ లోపలే మంట తప్పుతోంది.

బులెటిన్ రీకాల్ కాదు. రీకాల్ భద్రతకు సంబంధించిన లోపానికి ఇస్తారు, కంపెనీయే ఉచితంగా సరిచేస్తుంది. బులెటిన్ అనేది కంపెనీ తన సర్వీసు సెంటర్లకు రాసే ఉత్తరం లాంటిది: ఈ లక్షణంతో కార్లు వస్తున్నాయి, మాకు తెలిసిన కారణం ఇది, ఇలా పరీక్షించి ఇలా సరిచేయండి అని. అమెరికాలో కంపెనీలు వీటి ప్రతులను ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థకు పంపాలి. ఆ సంస్థ వాటిని తన వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. మీకు దొరికినది అక్కడిదైతే ఒక జాగ్రత్త అవసరం. పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి కారులో ఇంజినూ ఈసీయూ వేరుగా ఉండవచ్చు. ఒక దేశపు కారుకు రాసిన సాఫ్ట్‌వేర్ మరో దేశపు కారుకు సరిపోతుందని అనుకోకూడదు.

ఇప్పుడు ఆ కాగితం మళ్లీ తెరవండి. ఏ ఛాసిస్ నంబరు నుంచి ఏ నంబరు వరకు, లేదా ఏ నెల వరకు తయారైన కార్లకు వర్తిస్తుందో అందులో ఉంటుంది. మీ కారు ప్లేటు మీది తయారీ నెలతో పోల్చండి. కుదుపు ఏ పరిస్థితిలో వస్తుందని రాశారో చూడండి: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏసీ వేసినప్పుడా? ఇంతకుముందున్న ఫలానా బులెటిన్‌ను ఇది రద్దు చేస్తుంది అన్న వాక్యం చాలా వాటిలో ఉంటుంది. మీ చేతిలో ఉన్నదాన్నే మరొకటి ఈపాటికి రద్దు చేసి ఉండవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పరిష్కారానికి ముందు వచ్చే పరీక్షల మెట్లు. సాఫ్ట్‌వేర్ వేసే ముందు ఏమేమి బాగున్నాయని తేల్చుకోమన్నారు? ఆ భాగం ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి.

దానితోపాటు స్కానర్ పెట్టి కొన్ని అంకెలు కావాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) ఎంతెంత? అవే 2500 ఆర్‌పీఎం దగ్గర ఎంత? స్కానర్‌లో మోడ్ 6 ఉంటే ఒక్కో సిలిండర్ మిస్ ఫైర్ లెక్క కనిపిస్తుంది. క్యాన్ (కారులోని కంప్యూటర్లను కలిపే వ్యవస్థ) ఉన్న కార్లలో ఎ2 అంటే ఒకటో సిలిండర్, ఎ3 అంటే రెండోది, అలా ఎ5 దాకా. పి0300 ఎవరి తప్పో చెప్పదు. ఈ లెక్క చెబుతుంది.

జవాబు 3

ఒక చిన్న అనుభవం. పెట్రోలు నింపిన వెంటనే కుదుపు ఎక్కువవుతుంటే, ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు మూసుకోవడం లేదేమో చూడండి. దాని నుంచి ఇంటేక్‌కు (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) వెళ్లే హోసును ఐడిల్‌లో ఒక్క క్షణం నొక్కి పట్టుకుంటే తెలిసిపోతుంది. నేనూ ప్లగ్గులు మార్చాకే ఇది తెలుసుకున్నాను.

అడిగినవారు

బులెటిన్ మళ్లీ చదివాను. నా కారు తయారైన నెల ఆ పరిధి దాటిన తరవాతి నెల! పరిస్థితి దగ్గర ఇలా ఉంది: చల్లటి ఇంజిన్, స్టార్టు చేసిన రెండు నిమిషాల లోపు. నాకు వచ్చేది వేడెక్కాక. ఇన్ని రోజులూ ఈ రెండూ నా కళ్లకు ఎందుకు ఆనలేదో.

మూడో మెట్టు ఇది: "ఇంటేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్, బ్రేకు బూస్టర్ హోసు, పీసీవీ హోసు వంపు అడుగు భాగం వద్ద గాలి లీకు లేదని నిర్ధారించుకున్న తరవాతే సాఫ్ట్‌వేర్ మార్చాలి."

అంకెలు: వేడి ఐడిల్‌లో షార్ట్ టర్మ్ +6, లాంగ్ టర్మ్ +17. 2500 దగ్గర రెండూ కలిపి +4. మిస్ ఫైర్ లెక్క నాలుగు సిలిండర్లలోనూ ఇంచుమించు సమానం. పెట్రోలు నింపినప్పుడు తేడా ఏమీ లేదు. పర్జ్ హోసు నొక్కినా మారలేదు.

జవాబు 2

ఇక సాఫ్ట్‌వేర్ మాట మరిచిపోండి. మీ అంకెలు గాలి లీకునే చూపిస్తున్నాయి. ముందు ఒకటి చెప్పండి, గాలి ఫిల్టరు దాటాక గొట్టంలో, లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉందా? ఉందనే అనుకుని రాస్తున్నాను. మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి గాలిని లెక్కించే కార్లలో లీకు గాలి కూడా ఆ లెక్కలోకే వస్తుంది కాబట్టి ట్రిమ్ అంతగా పెరగదు, ఐడిల్ వేగమే పెరుగుతుంది. ఎంఏఎఫ్ ఉన్న కారులో సెన్సర్ దాటాక దూరిన గాలి ఈసీయూకు కనబడదు. మిశ్రమంలో పెట్రోలు పలచబడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఆ సంగతి చెప్పగానే ఈసీయూ పెట్రోలు పెంచుకుంటూ పోతుంది. మీ +23 అదే. మిశ్రమంలో పెట్రోలు మరీ తక్కువైందని చెప్పే పి0171 కోడ్ ఇంకా రాలేదంటే హద్దు దాటలేదని మాత్రమే అర్థం.

2500 దగ్గర +4కు ఎందుకు పడిందో చూడండి. చిల్లు అంతే ఉంటుంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి కొంచెమే, పైగా మానిఫోల్డ్‌లో వాక్యూమ్ గట్టిగా ఉంటుంది, అందుకే దొంగగాలి వాటా పెద్దది. యాక్సిలరేటర్ తొక్కితే అసలు గాలి వరదలా వస్తుంది, దొంగగాలి వాటా ఎంతో ఉండదు. మీ కాలు పెట్టగానే సర్దుకోవడం వెనక సంగతి ఇదే. పెట్రోలు పంపు బలహీనమైతే ఇందుకు తిరగబడేది: ఐడిల్ బాగుండి, వేగంలో ట్రిమ్ పెరిగేది. ప్లగ్గో కాయిలో పోతే మిస్ ఫైర్ ఒక్క సిలిండర్‌లోనే పోగుపడేది. మీకు నాలుగింటికీ సమానంగా ఉంది, అంటే నాలుగూ కలిసి పీల్చే గాలిలోనే తేడా.

వేడికే రావడం కూడా నాకు ఒక ఆధారం. గ్యాస్కెట్ లీకులు చాలావరకు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా కనిపించి, వేడికి లోహం వ్యాకోచించాక తగ్గుతాయి. రబ్బరు హోసు వేడికి మెత్తబడుతుంది, పగులు నోరు తెరుస్తుంది. మూడో మెట్టులో చెప్పిన మూడింటిలో నేను ముందు పీసీవీ హోసు (ఇంజిన్ లోపల పోగయ్యే ఆవిరిని తిరిగి ఇంటేక్‌లోకి పంపే గొట్టం) దగ్గరికే వెళతాను. పైనుంచి చూసి బాగుందని వదలొద్దు. అడుగు భాగం అని ఊరికే రాయరు, ఎవరో ఎన్నో కార్లు విప్పి చూశాకే ఆ రెండు పదాలు అక్కడికి వచ్చి ఉంటాయి.

వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ చల్లి లీకు వెతకమని ఎవరైనా చెబితే వినకండి. మంటలు లేస్తాయి. పొగ యంత్రం ఉన్న చోటుకు వెళ్లండి. ఇంజిన్ ఆపి, చాలా తక్కువ ఒత్తిడితో ఇంటేక్‌లోకి పొగ పంపుతారు. ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ పొగ పైకి వస్తుంది. ఇంజిన్ వేడిగా ఉండగానే చేయమని చెప్పండి. చల్లారాక చేస్తే మీ పగులు మూసుకుపోయి ఏమీ దొరకకపోవచ్చు.

అడిగినవారు

ఎంఏఎఫ్ ఉంది. ఈ రోజు పొగ పరీక్ష చేయించాను. మొదట ఏమీ రాలేదు, అప్పటికే కారు గంటసేపు నిలబడి ఉంది. మీ మాట గుర్తొచ్చి, అరగంట నడిపి తెచ్చి మళ్లీ పెట్టించాను. పీసీవీ హోసు వంపు కింద నుంచి సన్నటి పొగ తీగలా పైకి లేచింది. హోసు విప్పితే అడుగున వేలి గోరంత పగులు, చేత్తో వంచితేనే కనిపిస్తోంది. థ్రాటిల్ బాడీ శుభ్రం చేసినప్పుడు ఈ హోసును ఊడదీసి పెట్టారట. అప్పుడు కాస్త తిరిగి బిగిసి ఉంటుంది, ఆ వారం బాగున్నది అందుకేనేమో.

కొత్త హోసు వేసి, ట్రిమ్ విలువలు చెరిపేసి, నలభై కిలోమీటర్లు నడిపాను. వేడి ఐడిల్‌లో లాంగ్ టర్మ్ +2. ముల్లు 700 దగ్గర కదలకుండా నిలబడింది.

జవాబు 2

చాలా సంతోషం. వారం తరవాత మోడ్ 6 లెక్క ఒకసారి మళ్లీ చూడండి. అందులో ఒక అంకె గత 10 ప్రయాణాల సగటు కాబట్టి వెంటనే తగ్గకపోయినా కంగారు పడకండి. పాత హోసు పారేయకుండా, పగులు కనిపించేలా వంచి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఇదే ఇంజిన్ ఉన్నవాళ్లకు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.