డీయూ ఒకటంటుంది, డీఎఫ్ ఇంకొకటంటుంది: జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్‌లో అసలు లెక్క ఏది?

ప్రశ్న

నమస్కారం. 4 టీబీ డిస్కులు రెండింటిని మిర్రర్‌గా (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా) కలిపి, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో పూల్ (ఉమ్మడి నిల్వ) పెట్టుకున్నాను. డేటాను కుదించే కంప్రెషన్‌కు ఎల్‌జెడ్4 పద్ధతి పెట్టాను. ఈఎక్స్‌టీ4 అనే వేరే ఫైల్ సిస్టమ్ ఉన్న పాత డిస్కులోని సర్వర్ లాగ్‌లు, డేటాబేస్ బ్యాకప్‌లు అన్నీ ఇందులోకి కాపీ చేశాను. అక్కడ ఫోల్డర్ సైజు చెప్పే డీయూ కమాండ్ 900 జీబీ చూపించేది, ఇక్కడ అదే ఫోల్డర్‌కు 410 అంటోంది. ఫైళ్ల సంఖ్య మాత్రం సరిపోయింది. మిర్రర్ అంటే ప్రతిదీ రెండుసార్లు రాయాలి కదా, మరి ఒక్కో డిస్కులో 205 మాత్రమే ఉన్నట్టా? పైగా పూల్ సైజు జెడ్‌పూల్ లిస్ట్ కమాండ్‌లో 3.62 టీబీ, జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్ కమాండ్‌లో వాడినదీ మిగిలినదీ కలిపితే 3.51. పాత డిస్కును చెరిపేసే ముందు ఏ అంకెను నమ్మాలో చెప్పండి. కొంత డేటా పోయిందేమోనని బెంగగా ఉంది.

జవాబు

ముందుగా ఒక మాట: పాత డిస్కు జోలికి ఇప్పుడే వెళ్లకండి. కాపీ సరిగ్గా జరిగిందా లేదా అన్నది సైజులు చూసి తేలే విషయం కాదు. ఫైళ్లను పోల్చి కాపీ చేసే ఆర్‌సింక్‌ను చెక్‌సమ్ (ఫైలులోని డేటాను బట్టి పోల్చే) ఎంపికతో, ఏమీ రాయకుండా తేడాలు మాత్రమే చూపే పద్ధతిలో నడపండి. రెండు వైపులా ప్రతి ఫైలునూ మొత్తం చదువుతుంది కాబట్టి గంటలు పడుతుంది, పట్టనివ్వండి. ఒక్క ఫైలు పేరు కూడా రాకపోతే మీ డేటా క్షేమం.

ఇక అంకెల సంగతి. డీయూ లెక్కపెట్టేది ఫైలు పొడవును కాదు, ఆ ఫైలు డిస్కు మీద ఆక్రమించిన బ్లాకులను. జెడ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా పెద్ద ఫైలును 128 కేబీ ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కనూ కుదించి రాస్తుంది. లాగ్‌లలో ఒకే తరహా వరుసలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి సగానికి పైగా తగ్గడంలో వింత లేదు. అదే ఫైలుకు ఎల్ఎస్ కమాండ్ ఇచ్చే పొడవు చూడండి, పాత డిస్కులో ఉన్నంతే ఉంటుంది. డేటాసెట్‌కు (పూల్‌లోని ఒక విభాగానికి) కంప్రెస్‌రేషియో, అంటే కుదింపు నిష్పత్తి, అడిగితే 2.19 దరిదాపుల్లో రావాలి. లాజికల్‌యూజ్డ్, అంటే కుదించకముందు సైజు, అడిగితే మీ 900 కనిపిస్తుంది.

మిర్రర్ విషయంలో జెడ్‌పూల్ లిస్ట్ ఒక ప్రతినే లెక్కిస్తుంది. అంటే 410 ఈ డిస్కులోనూ ఉంది, ఆ డిస్కులోనూ ఉంది. చాలామంది ఇక్కడే తికమక పడతారు, ఎందుకంటే రెయిడ్‌జెడ్ అనే మరో అమరికలో అదే కమాండ్ ప్యారిటీని (డిస్కు పాడైతే డేటాను తిరిగి కట్టుకోవడానికి రాసే అదనపు సమాచారాన్ని) కూడా కలిపి మొత్తం డిస్కుల సైజు చూపిస్తుంది.

పెట్టె మీద 4 టీబీ అంటే 4 లక్షల కోట్ల బైట్లు. కంప్యూటర్ దాన్ని 1024 చొప్పున భాగిస్తూ పోయేసరికి 3.64 అవుతుంది, పూల్ ఏర్పాట్లకు కొంత పోగా 3.62. అందులో 32వ వంతును జెడ్‌ఎఫ్‌ఎస్ తన అవసరానికి పక్కన పెట్టుకుంటుంది. పూల్ పూర్తిగా నిండిపోతే ఫైలు తొలగించడానికి కూడా చోటు కావాలి, కొత్త సమాచారం రాయనిదే ఇందులో ఏదీ చెరగదు. ఆ జాగ్రత్తను నేను మనసారా మెచ్చుకుంటాను.

మొత్తం చోటు, మిగిలిన చోటు చూపే డీఎఫ్ కమాండ్‌ను మాత్రం ఇక్కడ పక్కన పెట్టమనే చెబుతాను. ఆ డేటాసెట్ వాడినదాన్నీ, పూల్‌లో మిగిలినదాన్నీ కలిపి దాన్నే ‘మొత్తం’ అని చూపిస్తుంది. పక్క డేటాసెట్ నిండేకొద్దీ ఈ ‘మొత్తం’ తగ్గిపోతూ ఉంటుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్‌లో మిగిలినది చూడండి. అందులో కంప్రెషన్ మీద ఏ ఆశా కలపరు: 3 టీబీ మిగిలి ఉంటే వీడియోలు 3 టీబీయే పడతాయి, మీ లాగ్‌లయితే 6 టీబీ పైన పట్టవచ్చు. రాబోయేది ఏమిటో ఫైల్ సిస్టమ్‌కు ముందే తెలియదు కదా. ఇంకొకటి, ఈ ఫోల్డర్‌ను రేపు కంప్రెషన్ లేని డిస్కులోకి తీయాలంటే 410 చూసి డిస్కు కొనకండి, అక్కడ 900 కావాలి.

మరొక జవాబు

పైవారు చెప్పింది జెడ్‌ఎఫ్‌ఎస్‌కు. నాది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్, రెయిడ్1 (ప్రతిదానికీ రెండు ప్రతులు ఉంచే) అమరిక. ఇక్కడ కంప్రెషన్ ఉన్నా డీయూ కుదించని సైజే చూపిస్తుంది, అసలు ఎంత పట్టిందో చూడాలంటే కాంప్‌సైజ్ అనే ప్రత్యేక పనిముట్టు కావాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్ కమాండ్ పైన చూపే డివైస్ సైజు రెండు డిస్కులూ కలిపినది, మీ డిస్కులకైతే 7.28 అంటుంది. కింద డేటా నిష్పత్తి 2.00 అని ఉంటే ప్రతి బైటుకూ రెండు ప్రతులు అని అర్థం.

పరీక్షించే పద్ధతి గురించి కూడా చెప్పాలి. సున్నాలతో 1 జీబీ ఫైలు సృష్టించి కొలవకండి. కంప్రెషన్ ఉన్న జెడ్‌ఎఫ్‌ఎస్‌లో సున్నాల బ్లాకును అసలు రాయనే రాయరు, డీయూ దాదాపు ఏమీ చూపించదు. అలాగే ఫైలు రాసిన వెంటనే డీయూ అడిగితే చాలా చిన్న అంకె వస్తుంది. కొన్ని సెకన్లు ఆగి, డేటా డిస్కుకు చేరాక మళ్లీ అడగండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెక్‌సమ్ పరీక్షలో ఒక్క తేడా కూడా రాలేదు, పెద్ద బరువు దిగింది. తర్వాత ఈ పూల్‌లోనే పాత బ్యాకప్‌లు కొన్ని తొలగించాను. డీయూ 120 జీబీ తగ్గింది గానీ, మిగిలిన చోటు కదల్లేదు. స్నాప్‌షాట్లు (ఒక సమయంలో డేటా ఉన్నదున్నట్టు పట్టి ఉంచేవి) రెండున్నాయి, కానీ ఒక్కోటి వాడినది కొన్ని ఎంబీలే అని చూపిస్తోంది.

జవాబు

ఆ 120 ఉన్నది స్నాప్‌షాట్లలోనే. ఒక్కో స్నాప్‌షాట్ పక్కన కనిపించేది, దాన్ని ఒక్కదాన్నే తొలగిస్తే తిరిగి వచ్చే చోటు. మీ బ్యాకప్‌లను రెండూ పట్టుకుని ఉన్నాయి కాబట్టి, ఒకటి పోయినా రెండోది వదలదు. అందుకే ఏ ఒక్కదాని ఖాతాలోనూ అది చేరలేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్‌కు స్పేస్ ఎంపిక ఇచ్చి చూడండి, యూజ్డ్‌స్నాప్ అనే గడిలో రెండింటి లెక్కా కలిపి కనిపిస్తుంది. తొలగించే ముందు డిస్ట్రాయ్ కమాండ్‌కు ఎన్, వీ ఎంపికలు తప్పకుండా ఇవ్వండి. మొదటి స్నాప్‌షాట్ పేరు, శాతం గుర్తు, చివరిదాని పేరు రాస్తే, ఏదీ చెరపకుండానే ఎంత చోటు వస్తుందో చెబుతుంది. ఆ అంకె 120 దగ్గర ఉంటే, ఆ బ్యాకప్‌లు ఇక అక్కర్లేదని రూఢి చేసుకుని, ఎన్ తీసేసి నడపండి.